తోక తెగిన సంతకం

పోయినవారం మేస్త్రి కూతుర్ని మిల్లు యార్డులో, పేలి పడిన ఇనుప తలుపు ముందు మోకాళ్ల మీద వదిలేశాం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకి నాలుగు ముక్కల్లో చెబుతాను.

రంగుల మిల్లులో బాయిలర్ పేలింది. బొగ్గేసేవాళ్లు ఇద్దరు పోయారు. ఒకణ్ని అందరూ పొడుగోడనేవాళ్లు. రెండోవాణ్ని, పెళ్లై పిల్లలు పుట్టినా, పెళ్లికొడుకనే పిలిచేవాళ్లు. తప్పు బాయిలర్ మేస్త్రిదని మిల్లు ఆరోజు సాయంత్రానికే తేల్చేసింది. ప్రాణాలు పోయిన లెక్క తేలడానికి మిల్లులకి ఏళ్లు పడుతుంది గానీ తప్పెవరిదో తేల్చడానికి ఒక పూట చాలు. సేఫ్టీ వాల్వు బిగుసుకుపోయింది, నిప్పు వెయ్యొద్దని మేనేజరుతో చెప్పి తను ఇంటికొచ్చేశానని మేస్త్రి ఒకే ఒక్కసారి అన్నాడు. ఫోటో ఒకటి తెచ్చి చూపించాక ఆ మాట కూడా మానేశాడు.

ఆ మిల్లులో ఒక పద్ధతి ఉంది. మేస్త్రి బాయిలర్‌ని చూసి, తట్టి, చెవి పెట్టి విని, బాగుందనుకుంటే దాని ఇనుప తలుపు మీద బలపంతో సంతకం పెడతాడు. ఆ సంతకం కనబడితేనే బొగ్గేసేవాళ్లు పార ముట్టుకుంటారు. మేనేజరు కన్నెర్ర చేసినా, కాళ్ల మీద పడినా సంతకం లేనిదే బొగ్గు కదలదు. ఆ రోజు తలుపు మీద సంతకం ఉంది. పొడుగోడు చూశాడు. పార పట్టాడు.

ఆ సంతకం ఫోటోనే మేస్త్రికి చూపించారు. రేపు పొద్దున విచారణ. ఇవాళ మధ్యాహ్నం కూతురు కాపలావాణ్ని బతిమాలి, పైన కప్పి ఉంచిన బొంత పక్కకి లాగి, ఆ తలుపునే చూసింది.

పెట్టిన సంతకాన్ని ఎవరూ తుడవకూడదు, ఏడాదికోసారి తలుపు కడిగినప్పుడే పోవాలి. అదీ వాళ్ల పద్ధతే. అందుకని ఈ ఏడాది సంతకాలన్నీ తలుపు మీదే ఉన్నాయి, కింది మూలన, ఒకదాని వెనక ఒకటి, చీమలబారులా. వాటికి దూరంగా, పైన, నిలువెత్తు మనిషి చెయ్యి చాచి పెట్టే ఎత్తున, జానెడు సంతకం ఒకటి మెరుస్తోంది. దానికి తోక ఉంది.

తోక!

నాన్న సంతకానికి తోక తెగిపోయి ఎన్నాళ్లయింది!

"అమ్మాయ్, ఇక చాలు. నా ఉద్యోగం కూడా ఊడగొడతావా?" అంటూ కాపలావాడు బొంత లాగి కప్పేశాడు.

ఆమె మసి చేతులు దులుపుకోకుండానే పరుగు లంకించుకుంది.

*

సంతకం మారదని బ్యాంకులవాళ్లు నమ్ముతారు, పాపం. మనిషి మారినప్పుడల్లా సంతకం కూడా చెప్పాపెట్టకుండా మారుతూనే ఉంటుంది. మేస్త్రి మిల్లులో చేరినప్పుడు ఆయనకి సంతకమే లేదు, వేలిముద్ర. పెళ్లయ్యాక పెళ్లాం ఆయన్ని ఇంటి గచ్చు మీద కూర్చోబెట్టి, చేతికి బలపం ఇచ్చింది. "వేలికి సిరా పూసుకుని ఇంకోసారి గడప తొక్కావంటే తిండి పెట్టను" అంది. అలా పుట్టింది ఆయన మొదటి సంతకం. అక్షరాలు ఒకదానికొకటి తగలకుండా, మాటల్లేని తోడికోడళ్లలా ఎడంగా నిలబడి ఉండేవి.

మేస్త్రి అయ్యాక అక్షరాలు చెట్టాపట్టాలేసుకున్నాయి. మొదటి అక్షరం కొడవలిలా వంగింది. చివరి అక్షరం దగ్గర ఆగకుండా గీతని వెనక్కి లాగి, పేరు మొత్తానికి కిందుగా కొరడా ఝళిపించినట్టు విసిరేవాడు. ఇనుము మీద ఆ తోక చర్రుమనేది. "మేస్త్రి తోక ఝాడించాడురోయ్, ఇక బాయిలర్ భద్రం" అనేవాళ్లు బొగ్గువాళ్లు. ఆ తోక చూసి కుర్రకుంకలు మీసం తిప్పేవాళ్లు, అదేదో తమదైనట్టు.

తర్వాత చెయ్యి వణకడం మొదలైంది. ముందు తోక మెలికలు తిరిగింది. మెలికలు నలుగురి కంట పడతాయని మేస్త్రి తోకే తెగ్గోసేశాడు. చెయ్యి వణికేవాడికి పెద్ద అక్షరం శత్రువు. అందుకని అక్షరాలు చిన్నవయ్యాయి, ఇంకా చిన్నవయ్యాయి. భుజం లేవక సంతకం తలుపు పైనుంచి కింది మూలకి దిగింది. బొగ్గువాళ్లు గమనించకపోలేదు. గమనించి నోరు మూసుకున్నారు. వణుకు సంగతి పైకి తెలిస్తే మేస్త్రిని ఇంటికి పంపేస్తారు, ఆయన స్థానంలో ఎవడొస్తాడో, వాడి సంతకాన్ని నమ్మొచ్చో లేదో. పెద్ద సంతకమొచ్చినా చిన్న సంతకమొచ్చినా మనిషి ఆయనే కదా అనుకున్నారు.

ఆ రోజు పెద్దది మళ్లీ కనబడితే పొడుగోడు ఏమనుకుని ఉంటాడు? ఇవాళ మేస్త్రికి ఒంట్లో బాగున్నట్టుందని సంబరపడే ఉంటాడు.

*

ఆ వీధి కాలవలో ఎప్పుడూ ఏదో ఒక రంగు పారేది. ఎరుపు అద్దిన రోజు ఎర్రగా, నీలం అద్దిన రోజు నీలంగా. పిల్లలు కాలవ చూసి లోపల ఏ గుడ్డ తయారవుతోందో చెప్పేవాళ్లు. బాయిలర్ పేలినప్పటినుంచి మామూలు నీళ్లు పారుతున్నాయి. మామూలు నీళ్లు చూసినా భయం వేస్తుందని ఆ వీధివాళ్లకి ఇప్పుడే తెలిసింది.

కుళాయి దగ్గర పొడుగోడి పెళ్లాం బకెట్టు నింపుకుంటోంది.

"ఏం, లాండ్రీ లేదా? ఇస్త్రీపెట్టె వదిలేసి ఎక్కడికా పరుగు?"

"సగంపూట సెలవు పెట్టానక్కా. ఒక్క మాట విను. ఆ సంతకం మా నాన్నది కాదు."

ఆమె కుళాయి కట్టేసింది. గట్టిగా, మెలి తిప్పి.

"ఇప్పుడు కాదంటారు, సరే. మా ఆయన ఆ రోజు అన్నం మూట కూడా విప్పకుండా పనిలోకి దిగాడంట. ఎవరో అడిగితే 'మేస్త్రి సంతకముంది, భయమెందుకు' అన్నాడంట. వాడు దేవుణ్ని నమ్మలేదు. నన్ను సగమే నమ్మాడు. మీ నాన్న సంతకాన్ని మాత్రం నిండా నమ్మాడు."

"అక్కా, రేపు విచారణలో అంతా..."

"విచారణ వాళ్లది. నా ప్రశ్న నాది. మీ నాన్న ఎదురుగా నిలబడి అడగాలి, నీ చేత్తో పెట్టావా అని. ఆయన కళ్లు చూస్తే నాకు తెలిసిపోతుంది. ఈ బకెట్టు ఇంట్లో పడేసి వస్తున్నా. అడ్డం పడతావా?"

"అడ్డం పడటమా? రా అక్కా. నువ్వే రా, నీ నోటితో అడుగు."

అంత ధీమాగా అంది పిచ్చిది. నాన్న బయటపడిపోయాడనే అనుకుంది. పొడుగోడి ఇంటికీ పెళ్లికొడుకు ఇంటికీ మిల్లు జవాబు చెప్పక తప్పదనుకుంది. మేస్త్రి తప్పని తేలితే మిల్లు చేతులు దులుపుకుంటుంది; ఇంకెవడో దొంగ సంతకం పెట్టాడని తేలితే, ఎవడు పెట్టించాడన్న ప్రశ్న మేనేజరు గది దాకా మెట్లెక్కుతుంది. ఆ మెట్లెక్కే ప్రశ్న కోసం వీధి వీధంతా ఎదురుచూస్తోంది.

*

ఇల్లు ముందు గది, వెనక గది, మధ్యలో తడిక లాంటి చెక్క గోడ. మేస్త్రి వెనక గదిలో ఉంటాడు. ముందు గది కూతురిదీ అల్లుడిదీ. ఇల్లరికం కాదు, ఇల్లు దొరక్క అని అల్లుడు అందరికీ చెప్పేవాడు. అయినా వీధి ఊరుకుంటుందా? చిన్నాపెద్దా అందరికీ అతను 'అల్లుడు'. మిల్లు ఆఫీసులో కూడా అదే పేరు.

ముందు గదిలోకి అడుగు పెట్టేసరికి చప్పుడు వినబడింది. గరగర. ఆగడం. మళ్లీ గరగర. రాతి మీద గోరు గీసినట్టు.

"నాన్నా!"

చప్పుడు ఆగింది. ఏదో గుడ్డ పెట్టి గబగబా తుడుస్తున్న చప్పుడు మొదలైంది. ఆమె వెనక గది తలుపు తోసింది.

మేస్త్రి గచ్చు మీద మోకాళ్ల మీద ఉన్నాడు. చేతిలో తువ్వాలు. తువ్వాలంతా తెలుపు. గచ్చు కూడా అంతే. మంచం కింద, గోడ వారన, కిటికీ దగ్గర, ఎక్కడ చూసినా సంతకాలు. పెద్దవి. కొడవలి అక్షరం, చెట్టాపట్టాలేసుకున్న అక్షరాలు, కింద తోక. ఒక తోక వానపాములా ఉంది. ఒకటి మధ్యలో తెగింది. ఒకటి పక్కకి జారి మంచం కోడుకి గుద్దుకుంది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని గీసినట్టున్నాడు, మణికట్టు కందిపోయింది.

"ఏంటిది నాన్నా?"

"ఏం లేదు తల్లీ. పొద్దుపోక."

"పొద్దుపోకపోతే జనం పేకాడుకుంటారు. గచ్చంతా సంతకాలు పెట్టుకుంటారా?"

"నువ్వేంటి ఈ వేళప్పుడు?"

ఆమెకి ఆగలేదు. ఆయన పక్కన చతికిలబడి ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. తలుపు సంగతి, కింది మూల చీమలబారు, పైన తోక. "ఎవడో నీ పాత సంతకం పెట్టాడు నాన్నా. నీకిప్పుడు అది రాదని వాడికి తెలీదు. రేపు అందరూ ఆ తలుపు చూస్తే చాలు. నువ్వు నోరు విప్పక్కర్లేదు కూడా. తలుపే సాక్ష్యం చెబుతుంది!"

మేస్త్రి ముఖం వెలుగుతుందనుకుంది. ఆయన ముఖంలో ఉన్న కాస్త రంగూ దిగిపోయింది.

"ఎవరితోనైనా చెప్పావా?"

"ఏంటి?"

"ఈ మాట. ఎవరితోనైనా అన్నావా?"

"నాన్నా, నేను నిన్ను బయటపడేసే సంగతి తెస్తే, ఎవరితో చెప్పావంటావేంటి?" ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "నీకు ముందే తెలుసు."

"ఫోటో చూసిన రోజే తెలుసు."

"తెలిసి..." ఆమె గచ్చు వైపు చూసింది. ఇప్పుడు ఆ గీతలన్నీ వేరేగా కనబడ్డాయి. "తెలిసి నువ్వు ఆ సంతకాన్నే నేర్చుకుంటున్నావా?"

"రేపు అందరి ముందూ నా చేత పెట్టిస్తారు. ఫోటో పక్కన పెట్టి చూస్తారు. కలవాలి."

"కలవకూడదు! కలవకపోతేనే కదా నువ్వు బతికేది!"

"అరవకు తల్లీ."

"అరుస్తా. చీమలాంటి నీ సంతకం పెట్టు. చెయ్యి వణుకుతోందని చూపించు."

"చూపిస్తే?" మేస్త్రి మొదటిసారి గొంతు పెంచాడు. "వణికే చెయ్యేసుకుని ఇన్నాళ్లూ బాయిలర్ నడిపావా ముసలోడా అంటారు. నీకెవడు నడపమన్నాడు అంటారు. వాల్వు బిగుసుకుంది కూడా నీ వణుకు వల్లే అంటారు. సంతకం నాదంటే ఒక తప్పు. కాదంటే రెండు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దూకేవాడికి ఏదైనా ఒకటే."

"ఒకటి కాదు. వణుకు దాచావు, అది నీ తప్పే, నేను కాదనను. దానికి ఉద్యోగం పోతే పోనీ. ఇద్దర్ని చంపింది నువ్వు కాదు. ఎవడు చంపాడో వాణ్ని పట్టుకోవద్దా? పొడుగోడి పెళ్లాం కుళాయి దగ్గర ఎలా నిలబడిందో చూశావా నువ్వు?"

ఆయన చూడలేదు. పేలిన రోజునుంచి గడప దాటనేలేదు.

"ఈ గచ్చు మీదే అమ్మ నీకు సంతకం నేర్పింది" అందామె, గొంతు తగ్గించి. "దొంగసంతకం నేర్చుకోమని కాదు."

"నా సంతకం నాకు దొంగదెలా అవుతుందే?" అన్నాడాయన నవ్వబోయి. ఆ నవ్వు కూడా మెలికలు తిరిగి మధ్యలో తెగిపోయింది.

ఆమె గచ్చు మీద గీతలు లెక్కపెడుతున్నట్టు చూస్తూ పైకే ఆలోచించింది. "తలుపు చూసి రాసినవాడైతే చిన్న సంతకమే రాసేవాడు. కళ్ల ముందు అన్నేసి చిన్నవున్నాయి కదా, ఎవడైనా వాటినే దించుతాడు. వీడు చూడలేదు. చూడక్కర్లేదు వీడికి. చేతికే వచ్చు. అంటే నీకు తోక ఉన్న రోజుల్లో నీ పక్కన నిలబడి చూసినవాడు. తర్వాత బాయిలర్ గదికి రానివాడు, వచ్చినా తలుపు కింది మూలకి వంగి చూడనివాడు. ఆ రోజుల్లో నీ కింద ఎవరెవరు..."

"ఆపు."

"ఎవరెవరు చేశారు నాన్నా?"

"ఆపమన్నానా!"

మేస్త్రి కుడిచెయ్యి ఒళ్లో కొట్టుకుంటోంది, ఒడ్డున పడ్డ చేపలా. ఎడమచేత్తో దాన్ని అదిమి పట్టుకున్నాడు.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది తల్లీ" అన్నాడు.

ఆ మాట అన్నాక ఆయనకి తెలిసింది, అనకుండా ఉండాల్సిందని. ఆమెకీ తెలిసింది. బయటివాడి పాపానికి ఎవరూ ఆ సామెత వాడరు.

లాండ్రీ కిటికీ అద్దం గుర్తొచ్చిందామెకి. పెళ్లికి ముందు. లోపలంతా ఆవిరి, అద్దం మీద బయటివైపు తెల్లటి దుమ్ము పొర. బయట నిలబడిన మనిషి వేలితో అద్దం మీద ఏదో రాశాడు. లోపలినుంచి తిరగేసి కనబడితే ఆమె బయటకెళ్లి చూసింది. కొడవలి అక్షరం. చెట్టాపట్టాలు. కింద కొరడా తోక. "తనిఖీ అయిపోయింది" అన్నాడతను పళ్లన్నీ బయటపెట్టి. "నన్ను తట్టి, చెవి పెట్టి విని, భద్రమే అని మీ నాన్న సంతకం పెట్టేశాడు. ఇక నువ్వు నిప్పెయ్యడమే తరువాయి." ఆమె పడీ పడీ నవ్వింది. లోపల ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో చొక్కా మాడిపోయింది కూడా. అప్పట్లో అతను మేస్త్రి దగ్గర దీపం పట్టుకుని నిలబడే కుర్రాడు. పెళ్లయ్యాక పైకి, ఆఫీసుకి వెళ్లిపోయాడు.

కాదు. కాదు, అలా అయ్యుండదు. ఎవరైనా నేర్చుకోవచ్చు, ఎంతమంది...

ముందు గదిలో చెప్పులు విడిచిన చప్పుడైంది.

"మామయ్యా! బలపాలు తెచ్చాను, మెత్తటివి. వీటితో అయితే తోక జారుగా వస్తుంది చూడండి."

*

అల్లుడు వెనక గది గుమ్మంలో కనబడ్డాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో పెన్ను, చేతిలో చిన్న పొట్లం. ఆమెని చూశాడు. కనురెప్ప ఒకసారి కొట్టుకుంది, అంతే.

"నువ్వప్పుడే వచ్చేశావేంటి? లాండ్రీ కూడా పేలిందా?"

చెడ్డవాడి ముఖం కాదది. వీధిలో ఎవరికి మందులు కావాలన్నా అతనే తెచ్చేవాడు. పేలిన రోజు శవాలు మోసిన నలుగురిలో అతనొకడు. పొడుగోడి కాళ్ల వైపు పట్టుకున్నాడు. రాత్రి ఇంటికొచ్చి వాంతి చేసుకుంటే ఆమే వీపు నిమిరింది. ఇప్పుడా వీపు గుర్తొచ్చి ఆమె అరచేయి మండింది.

"మామయ్య చెప్పే ఉంటారు" అన్నాడతను, మంచం మీద కూర్చుని పొట్లం విప్పుతూ. "నీకు చెప్పొద్దన్నది నేనే. కంగారు పడతావని. మామయ్య సంతకం మారిందని నాకూ ఫోటో చూపించాకే తెలిసింది. లాయరుతో మాట్లాడాను. మనదే అని ఒప్పేసుకుంటే వయసు చూసి, ఇన్నేళ్ల చాకిరీ చూసి తేలిగ్గా వదిలేస్తారంట. మేనేజరుగారు కూడా మాటిచ్చారు, మిల్లువాళ్లదైనా ఈ ఇల్లు ఖాళీ చేయించనని. కాదన్నామనుకో, తవ్వుతారు. తవ్వితే వణుకు బయటికొస్తుంది. అప్పుడిక ఎవరూ ఏం చెయ్యలేరు."

"తలుపుంది కదా యార్డులో" అందామె.

"ఆ తలుపా? మసిబొగ్గులా ఉంది. రేపు పెద్దపెద్దవాళ్లు వస్తారు కదా, శుభ్రంగా కడిగించమని చెప్పే వస్తున్నా. ఆఖరి సంతకం ఫోటో ఎటూ ఉంది, చాలు." కిటికీలోంచి ఎండ చూశాడు. "ఈపాటికి కడిగేసే ఉంటారు."

చీమలబారు కొట్టుకుపోయింది. ఏడాది పొడుగునా వణుకుతూ వణుకుతూ పెట్టిన నిజమైన సంతకాలన్నీ యార్డు కాలవలో పడి పోయాయి. ఇక లోకంలో మిగిలిన సాక్ష్యం ఒళ్లో కొట్టుకుంటున్న ఆ చెయ్యొక్కటే. ఆ చెయ్యేమో అబద్ధం నేర్చుకుంటోంది.

అరవాలనిపించింది. చొక్కా పట్టుకుని గుంజాలనిపించింది. గుంజితే ఏమవుతుంది? నాకేం తెలుసు అంటాడు, వీధిలో పదిమంది అతనే మంచివాడంటారు. మొండి మరకని రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. నానబెట్టాలి. లాండ్రీలో చేరిన మొదటిరోజు ఆమెకి చెప్పింది అదే.

ఆమె పొట్లంలోంచి ఒక బలపం తీసి చూసింది.

"మెత్తగానే ఉంది. అయినా ఏం లాభం? నాన్నకి తోక ఎలా మొదలయ్యేదో మర్చిపోయినట్టుంది. చూడు, ఒక్కటీ సరిగా లేదు."

మేస్త్రి తలెత్తాడు. కూతురి కళ్లలోకి చూశాడు. అర్థమైంది.

"వద్దు తల్లీ" అన్నాడు.

"వద్దంటావేంటి నాన్నా, రేపటికి రావద్దూ? నువ్వైనా చెప్పు." భర్త వైపు తిరిగింది. "నీకు గుర్తుందా? చివరి అక్షరం దగ్గర ఆగి లాగేవాడా, ఆగకుండానే లాగేవాడా?"

"ఆగడమా!" అల్లుడికి నిజంగానే నవ్వొచ్చింది. "ఆగితే అది మామయ్య తోకెలా అవుతుంది? చెయ్యి లేపకూడదు. నిద్రలో లేపి అడిగినా చెబుతా."

"చెబితే నాన్నకి రాదు. ఒక్కసారి పెట్టి చూపించు, దాని మీద ఆయన దిద్దుకుంటాడు. అమ్మ కూడా అలాగే నేర్పింది." బలపం అతని చేతిలో పెట్టింది.

"అల్లుడూ, వద్దు. నాకు వచ్చు. నేను పెడతాను, ఆ బలపం ఇటివ్వు." మేస్త్రి చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి బలపాన్ని అందుకోలేక గాలిలో కొట్టుకుంది. అల్లుడు జాలిగా చూసి, బలపం తన దగ్గరే ఉంచుకున్నాడు.

"మీరు ఊరికే మొహమాటపడతారు మామయ్యా. చూడండి." మోకాలు గచ్చుకి ఆనించాడు. చొక్కా చేతులు మడిచాడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "ముందా వీధి తలుపు వెయ్యి" అన్నాడు ఆమెతో.

ఆమె ముందు గదిలోకి వెళ్లింది. వీధి తలుపు దగ్గరికి చేరేసరికి మెట్టు మీద పొడుగోడి పెళ్లాం నిలబడి ఉంది, ప్రశ్న నోట్లో పెట్టుకుని.

మేస్త్రి కూతురు తన పెదవుల మీద వేలు పెట్టింది. చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, తలుపు చప్పుడయ్యేలా మూసింది. వెనక గది గుమ్మం వైపు చూపించింది.

అల్లుడి వీపు ఇటు ఉంది. మేస్త్రి గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. గచ్చు మీద బలపం కదిలింది. కొడవలి వంగింది. అక్షరాలు చెట్టాపట్టాలేసుకున్నాయి. చివరి అక్షరం దగ్గర చెయ్యి ఆగలేదు, లేవలేదు. గీత వెనక్కి తిరిగి, పేరు మొత్తానికి కిందుగా, ఒక్క విసురులో...

చర్ర్‌ర్‌!

వానపాముల మధ్య ఒకే ఒక్క కొరడా.

"చూశారా మామయ్యా?" అల్లుడు తల వంచుకునే మురిసిపోయాడు. "ఎక్కడైనా వణుకుందా?"

సంతకం మీద నీడ పడింది. పొడవాటి నీడ, కొంగు మీదినుంచి కుళాయి నీళ్లు ఇంకా కారుతున్న నీడ. అల్లుడి చేతిలో బలపం రెండు ముక్కలైంది. వెనక్కి తిరగకుండానే అడిగాడు:

"ఎవరు గుమ్మంలో?"

"నేనే" అంది పొడుగోడి పెళ్లాం. "మేస్త్రిని ఒక ప్రశ్న అడుగుదామని వచ్చా. ఇప్పుడు నిన్నే అడగాలి."

లోపలికి అడుగేసి, వెనక గది తలుపు తనే మూసి, గడియ పెట్టింది.